మొదటి క్యాంపుకి ఊరంతా వచ్చారు, రెండోదానికి పదిమంది కూడా రాలేదు. ఎక్కడ తప్పు చేశాం?

నీలిగొడుగు (ప్రశ్న):

అందరికీ నమస్తే. మేం ఎనిమిది మందిమి, అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే. ఏదైనా ఒక పల్లెలో ఆరోగ్యం మీద పనిచేద్దామని ఆర్నెల్ల క్రితం మొదలుపెట్టాం. ఇద్దరు డాక్టర్లను బతిమాలి తీసుకెళ్లి, ఒక ఆదివారం బడి ఆవరణలో క్యాంపు పెట్టాం. జనం విరగబడి వచ్చారు. మధ్యాహ్నానికే మందులు అయిపోయాయి. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి, అందరూ మెచ్చుకున్నారు.

ఆ రోజు ముప్పై మందికి పైగా బీపీ ఎక్కువుందని తేలింది. పెద్దాసుపత్రికి వెళ్లమని అందరికీ చీటీలు రాసిచ్చాం. ఒళ్లంతా నొప్పులు, నిద్ర పట్టదు, గుండె దడ అంటూ వచ్చిన ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి బలం మాత్రలు ఇచ్చి పంపాం.

మూడు నెలలకు మళ్లీ వెళ్తే వచ్చినవాళ్లు పదిమంది లోపే. చీటీ తీసుకున్నవాళ్లలో ఆస్పత్రి గడప తొక్కింది నలుగురు. ఒకావిడైతే నిలదీసింది: "మీరిచ్చిన మాత్రలు పదిరోజులకి అయిపోయాయి. పదకొండో రోజు నేనేం చెయ్యాలి?" నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మా గ్రూపులో రెండు పార్టీలు. ఒకళ్లేమో "ఈ జనం మారరు, వేరే ఊరు చూసుకుందాం" అంటారు. ఇంకొకళ్లు "ఈసారి స్పెషలిస్టులని తెచ్చి ఇంకా పెద్దగా చేద్దాం" అంటారు. నాకు రెండూ మింగుడుపడటం లేదు. కానీ మూడో దారేంటో తెలీదు. ఈ పనిలో నలిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. తిట్టినా పర్లేదు.

రాత్రిడ్యూటీ:

తమ్ముడివో చెల్లివో తెలీదు గానీ, తిట్టనులే. నేనూ చేసిన తప్పే. ఇరవై ఆరేళ్లు పల్లెల్లో నర్సుగా తిరిగి రిటైరయ్యాను.

ఆవిడ అడిగిన మాట కాగితమ్మీద రాసి మీరు మీటింగు పెట్టుకునే చోట అంటించండి. బీపీ, షుగరు, ఫిట్స్ లాంటివి పదిరోజుల మాత్రలతో పోయేవి కావు. జబ్బు ఉందని చెప్పి మందు సంగతి గాలికొదిలేస్తే ఆ మనిషికి మిగిలేది భయమొక్కటే. అందుకే ఆవిడ రెండోసారి వచ్చి అడిగింది. రానివాళ్లు మనసులో అడిగి ఊరుకున్నారు.

అసలు ఆ ముప్పై మందిలో నిజంగా బీపీ ఉన్నవాళ్లెవరో ముందు తేల్చండి. మీ క్యాంపులో ఎలా చూసి ఉంటారో చూడకుండానే చెప్తాను. ఎండలో లైన్లో నిలబడ్డ మనిషి రాగానే స్టూలు మీద కూర్చోబెట్టారు. కాళ్లు వేలాడుతున్నాయి, వీపుకి ఆసరా లేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆ మడత మీదే పట్టీ చుట్టారు. యంత్రం ఊదుతుంటే "ఎన్నేళ్లు? ఎంతమంది పిల్లలు?" అని పక్కనుంచి ఒకరు రాసుకుంటున్నారు. అవునా? అలా చూస్తే నాకూ బీపీ వస్తుంది.

మనిషిని ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వాలి. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆన్చి, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకోకుండా. చెయ్యి బల్లమీద గుండె ఎత్తున ఉండాలి. పట్టీ ఒట్టి చేతి మీదే చుట్టాలి. చూస్తున్నంతసేపూ ఆ మనిషీ మాట్లాడకూడదు, మీరూ మాట్లాడకూడదు. అంతకుముందు అరగంటలో కాఫీ, పొగాకు వద్దు. ఒంటేలు ఆపుకుని కూర్చున్నా అంకె పెరుగుతుంది, కాబట్టి ముందే వెళ్లి రమ్మనండి. నిమిషం ఆగి రెండోసారి చూడండి. ఇలా వేరే వేరే రోజుల్లో కనీసం రెండుసార్లు 140/90 దాటితేనే బీపీ ఉందన్న మాట నోట్లోంచి రావాలి. 180/120 దాటి, దాంతోపాటు ఛాతీలో నొప్పో, ఆయాసమో, చూపు మసకబారడమో, మాట తడబడటమో ఉంటే మాత్రం రెండోరోజు దాకా ఆగొద్దు, అప్పటికప్పుడు బండెక్కించండి.

ఇక చీటీల సంగతి. నా సర్వీసు మొదట్లో ఒక ముసలావిడకి పైకి వెళ్లమని చీటీ రాసిచ్చాను. రెండు నెలల తర్వాత వెళ్లి "ఆస్పత్రికి పోయొచ్చావా పెద్దమ్మా" అంటే, లోపలికెళ్లి పెట్టె తెరిచి, పొలం కాగితాల మధ్య నుంచి తీసి చూపించింది. మడత కూడా నలగలేదు. "నువ్విచ్చిందే కదా, పోగొట్టుకుంటానా?" అంది. ఎక్కడికెళ్లాలో, ఏ కిటికీ దగ్గర నిలబడాలో, ఆ రోజు కూలి పోతే ఇంట్లో ఎలాగో నేనొక్కటీ మాట్లాడలేదు. ఇంకా సిగ్గుచేటు, నేను వెళ్లమన్న రోజు ఆ జబ్బు చూసే డాక్టరు వచ్చే రోజే కాదట. ఆవిడ వెళ్లకపోవడమే మంచిదైంది, వెళ్తే ఊరికే తిరిగొచ్చేది. అప్పట్నుంచి చీటీ మీద రోజు, టైము, తోడు వెళ్లే మనిషి పేరు, ఈ మూడూ రాయకుండా ఇవ్వలేదు.

పదకొండో రోజుకి జవాబు మీ ఎనిమిది మందిలో లేదు, ఆ ఊళ్లోనే ఉంది. మహారాష్ట్రలో జామ్‌ఖేడ్ అని ఉంది, రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే అనే డాక్టర్ దంపతులు 1970లో అక్కడ పని మొదలుపెట్టారు. ముందు శిక్షణ పొందిన నర్సులను పల్లెలకు పంపారు. కుదరలేదు. బయటి నుంచొచ్చిన పిల్లని ఊరు కలుపుకోలేదు. (మా నర్సులం ఓడిపోయిన కథ నేనే చెప్పుకుంటున్నాను, చూశారా.) అప్పుడు ఏ ఊరి ఆడవాళ్లను ఆ ఊరే ఎంచుకుంటే వాళ్లకే నేర్పించారు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. వారానికోసారి కేంద్రానికి వచ్చి కొంచెం నేర్చుకోవడం, వెళ్లి చెయ్యడం, మళ్లీ రావడం, ఇంతే. ఇంకో సంగతి, ఆ దంపతులు వైద్యం చేద్దామని వెళ్తే జనం ముందు అడిగింది తిండి, నీళ్లు. వాళ్లు బావులతో మొదలుపెట్టారు. మీ ఊరిని ఏం కావాలని మీరు అడిగారా?

కొలతబద్ద:

పై అక్కయ్య చెప్పినదానికి ఒక్కటే కలుపుతా. "రెండొందల మంది వచ్చారు" అన్న లెక్క మానెయ్యండి. ఎంతమంది వచ్చారన్నది మైకు ఎంత గట్టిగా మోగిందో చెప్తుంది, అంతే.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు ఇంటింటికీ తిరిగి, విరేచనాలు పట్టుకున్న పిల్లలకి ఉప్పు, బెల్లం నీళ్లు కలపడం తల్లులకు నేర్పింది. కోటికి పైగా ఇళ్లు. అందులో నాకు నచ్చింది కొలత. నేర్పినామె వెళ్లిపోయిన కొన్నాళ్లకి ఇంకొకరు వచ్చి, కొన్ని ఇళ్లు ఎంచుకుని తల్లిని అడిగేవారు, కలిపి చూపించమనేవారు. ఆ తల్లికి ఎంత గుర్తుందన్నదాన్ని బట్టి నేర్పినామెకి డబ్బు. ఎన్ని ఇళ్లు తిరిగిందన్నదాన్ని బట్టి కాదు.

అంత చేసినా మొదట్లో వాడకం తక్కువే ఉంది. కారణం వెతికితే, నేర్పేవాళ్లకే ఆ నీళ్ల మీద నమ్మకం లేదని తేలింది. తమ పిల్లలకి వస్తే మాత్రల కోసం పరిగెత్తేవారు. పైగా ఇంట్లో మగాళ్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు. రెండూ సరిచేశాకే కదలిక వచ్చింది. మీ ఎనిమిది మందిలో ఎంతమంది ఈ ఏడాది బీపీ చూపించుకున్నారు?

మీరు కొలవాల్సింది ఒకటే: ఆ ముప్పై మందిలో ఆర్నెల్ల తర్వాత ఎంతమంది మందు వేసుకుంటున్నారు, ఎంతమందికి అంకె 140/90 కిందకి దిగింది. ఫొటోకి పనికిరాదు గానీ లెక్కంటే అదే.

నీలిగొడుగు:

రాత్రిడ్యూటీ గారూ, స్టూలు సంగతి అచ్చం అలాగే జరిగింది. రాసుకున్నది నేనే. కొలతబద్ద గారూ, ఎనిమిది మందిలో చూపించుకుంది ఒక్కరు.

రెండు సందేహాలు. ఊరి మనిషికే అప్పజెప్పాలంటే డబ్బివ్వాలా, సేవగా చేయమనొచ్చా? మేం అనుకుంటున్నామెకి చదువు అంతంతే, ఆమెకి ఎంతవరకు అప్పజెప్పగలం?

రాత్రిడ్యూటీ:

డబ్బివ్వండి. మీరు ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం సేవ చేస్తున్నారు, ఆవిడ ఆదివారం కూడా కూలికి వెళ్లాల్సిన మనిషి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఊరి ఆరోగ్య కార్యకర్తల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా చేసిన పనికి తగ్గట్టు జీతం ఇవ్వాలనే ఉంది. ఇవ్వలేకపోతే పని తగ్గించండి, జీతం కాదు. అన్నట్టు, ఊళ్లో ఇప్పటికే ప్రభుత్వం పెట్టిన కార్యకర్త ఉంటే, ఏ దేశంలో ఏ పేరుతో పిలిచినా సరే, ఆమెకి పోటీగా ఇంకొకర్ని దించకండి. ఆమె పుస్తకం తెరిచి చూడండి, సగం పని చేసేసి ఉంటుంది. మీరు వెళ్లి పలకరించకుండానే క్యాంపు పెట్టేశారని నా అనుమానం.

చదువు సంగతికి గడ్చిరోలి కథ చెప్తాను, అదీ మహారాష్ట్రలోనే. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు అక్కడ పసిపిల్లల చావుల మీద పనిచేశారు. పిల్లలకి నిమోనియా ఉందో లేదో తెలుసుకోవాలంటే నిమిషానికి ఎన్ని ఊపిర్లో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకి 60, రెండు నుంచి పన్నెండు నెలల బిడ్డకి 50, అక్కడ్నుంచి ఐదేళ్ల దాకా 40, ఇవి చేరినా దాటినా అనుమానించాలి. మరి అంకెలు రాని మంత్రసాని ఎలా లెక్కపెడుతుంది? ఒక చెక్కకి నిమిషంలో ఖాళీ అయ్యే ఇసుక గడియారం, పక్కన తీగకి పూసలు బిగించి ఇచ్చారు. పది ఊపిర్లకి ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు ఎర్ర పూస దాకా వస్తే ఆ బిడ్డకి వైద్యం కావాలి. అంతే. పదిదాకా లెక్క వస్తే చాలు. నేనా సంగతి మొదటిసారి విన్నప్పుడు రాత్రంతా నిద్ర పట్టలేదు, మాకెందుకు తోచలేదా అని.

అదే చోట కొద్దిపాటి చదువున్న ఊరి ఆడవాళ్లకి నేర్పించి, పుట్టిన బిడ్డని ఇంట్లోనే చూసుకునే పద్ధతి పెట్టారు. 39 ఊళ్లలో మూడో ఏడాదికి నెలలోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. కాబట్టి "ఎంతవరకు అప్పజెప్పగలం" అన్న ప్రశ్న తిప్పి అడగండి. ఆమె చెయ్యగలిగేలా పనిముట్టు మీరు తయారుచెయ్యగలరా?

తూర్పువీధి:

ఇక్కడ రాస్తున్నవాళ్లంతా పల్లెకి వెళ్లినవాళ్లు. నేను పల్లెలో ఉండి క్యాంపులు చేయించుకున్నదాన్ని. అటువైపు నుంచి నాలుగు ముక్కలు.

మా ఊరికి ఒకే ఏడాదిలో మూడు బృందాలు వచ్చి అవే ప్రశ్నలు అడిగాయి. ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, నెలసరికి ఏం వాడతారు. ఆ చివరిది మా మావగారు పక్కన కూర్చుని ఉండగా అడిగారు. నేను నోటికొచ్చింది చెప్పి పంపేశాను. మాలో చాలామంది అంతే. ఆ జవాబులతో వాళ్లేం రిపోర్టు రాసుకున్నారో పాపం. ఒక్క బృందం కూడా తిరిగొచ్చి "మీ ఊళ్లో తేలింది ఇదీ" అని చెప్పలేదు.

ఇంకోసారి పిల్లల్ని తూకం వేశారు, బడి వరండాలో, అందరి ముందూ. జబ్బ చుట్టూ రంగుల టేపు చుట్టి, ఎర్రలో పడ్డ పిల్లాణ్ణి పైకెత్తి చూపించి ఫొటో తీశారు. ఆ టేపు తప్పు కాదు, ఎర్ర వస్తే పిల్లాడికి వెంటనే వైద్యం కావాలని నాకు తర్వాత తెలిసింది (115 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే ఎర్రట). కానీ ఆ తల్లి మళ్లీ ఏ క్యాంపుకీ రాలేదు. ఊళ్లో ఆమెని పిల్లాడికి తిండి పెట్టని తల్లి అని అనుకున్నారు మరి. ఒక దుప్పటి అడ్డం కట్టి, ఆమెకొక్కదానికే చెప్పి ఉంటే పోయేది.

మాకు పనికొచ్చినవాళ్లు ఒక్కళ్లే ఉన్నారు. వాళ్లు మందులు తేలేదు. నెలకోసారి ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి బొమ్మల కార్డులతో మాట్లాడించేవారు. కాన్పులో ఏం ఇబ్బందులు పడ్డాం, ఎందుకు పడ్డాం, మనం ఏం చెయ్యగలం. అర్ధరాత్రి నొప్పులొస్తే బండి ఎలా అన్నది మా మీటింగుల్లోనే తేలింది. బండి ఉన్న మూడు ఇళ్లతో ముందే మాట్లాడుకుని, తలా కొంచెం వేసి చిన్న నిధి పెట్టుకున్నాం. మొదటి రెండు నెలలు నేను నోరు విప్పలేదు. మూడో నెల నా కార్డు తిరగేసి ఉందని ఒకావిడ నవ్వితే, దాన్ని సరిచేస్తూ మొదలుపెట్టాను, ఇక ఆపలేదు.

కొలతబద్ద:

తూర్పువీధి గారు చెప్పిన పద్ధతికి గట్టి రుజువులున్నాయి. నేపాల్‌లోని మక్వాన్‌పూర్‌లో ఇలాంటి మహిళా బృందాలు నడిచిన చోట్ల నెలలోపు పిల్లల మరణాలు 30 శాతం తక్కువున్నాయని 2004లో వచ్చింది. జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ చేసిన పని ఫలితాలు 2010లో వచ్చాయి, అక్కడ చివరి రెండేళ్లలో ఆ మరణాలు 45 శాతం తక్కువ. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ పద్ధతిని సిఫార్సు చేసింది. ఒక మెలిక ఉంది. ఊళ్లో గర్భిణుల్లో కనీసం మూడోవంతు మంది బృందంలోకి వచ్చిన చోటే గట్టి ఫలితం కనబడింది. అత్తలొక్కరే వచ్చి కూర్చుంటే లాభం లేదు.

తూర్పువీధి:

అత్తలు రాకపోతే కోడళ్లని పంపరు మాస్టారూ. ముందు మా అత్తగారు రెండుసార్లు వెళ్లి చూసొచ్చాకే నన్ను పంపింది. లెక్కల్లో అది రాయరేమో.

కొలతబద్ద:

ఒప్పుకున్నాను.

చెట్టునీడ:

అందరూ బీపీ మీద పడ్డారు. ప్రశ్నలో ఇంకొకటుంది, ఎవరూ పట్టించుకోలేదు. "ఒళ్లంతా నొప్పులు, నిద్ర పట్టదు, గుండె దడ" అన్న ఆడవాళ్లు. రక్తహీనత కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, అవి చూపించాల్సిందే. కానీ వాళ్లలో కొందరికి ఉన్నది దిగులు. దానికి బలం మాత్ర పనిచెయ్యదు.

జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో పద్నాలుగు మంది అమ్మమ్మలతో ఒక పని మొదలుపెట్టాడు. ఆస్పత్రి ఆవరణలో ఒక చెక్క బల్ల. దాని మీద అమ్మమ్మ కూర్చుంటుంది, పక్కన వచ్చిన మనిషి. మొదట్లో దానికి మానసిక ఆరోగ్య బల్ల అని పేరుపెడితే ఎవరూ దాని మీద కూర్చోలేదు. అమ్మమ్మలే పేరు మార్చమన్నారు, స్నేహపు బల్ల అయింది. వాళ్లు డిప్రెషన్ అన్న మాట వాడరు, "కుఫుంగిసిస" అంటారు. షోనా భాషలో అతిగా ఆలోచించడం అని. మనవాళ్లు "ఆలోచనలు ఎక్కువయ్యాయి" అంటారు చూడండి, అచ్చం అదే. వచ్చిన మనిషి కష్టాలన్నీ చెప్పాక, అందులోంచి ఒక్కటి ఎంచుకుని, దానికి ఈ వారం ఏం చెయ్యొచ్చో ఇద్దరూ కలిసి తేల్చుకుంటారు. మళ్లీ వారం కలుస్తారు. 2016లో జామా పత్రికలో వచ్చిన పరీక్షలో మామూలు వైద్యం కంటే ఇది బాగా పనిచేసింది. మొదలైంది హరారే నగరంలో, పల్లెలో కాదు, అది గుర్తుంచుకోండి.

ఒక హెచ్చరిక. చచ్చిపోవాలని ఉందన్న మాట వస్తే అది బల్ల దగ్గర తేలేది కాదు. ఆ మనిషిని ఒంటరిగా ఇంటికి పంపకండి, పురుగుమందు ఇంట్లో ఎక్కడుంటుందో అడిగి బయట పెట్టించండి, అదే రోజు డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. ఎవరి దగ్గరికన్నది మొదలుపెట్టకముందే తేల్చుకుని ఉండాలి.

నీలిగొడుగు:

రెండు నెలల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి.

గ్రూపులో ముగ్గురు మానేశారు. పెద్ద క్యాంపు మానుకున్నామని కోపం. మిగిలిన ఐదుగురం ముందు ఆ ఊరి ఆరోగ్య కార్యకర్తని కలిశాం. రాత్రిడ్యూటీ గారి అనుమానం నిజమే, మా క్యాంపు సంగతి ఆమెకి మైకులో వినిపించాకే తెలిసిందట. మొదటి గంట మాతో ముభావంగానే ఉంది. ఆమె పుస్తకంలో బీపీ వాళ్ల పేర్లు మా లిస్టు కంటే పక్కాగా ఉన్నాయి. కొరతల్లా పనిచేసే యంత్రం. ఆమెకిచ్చినది పాడై చాలా కాలమైంది, బాగుచేయించే నాథుడు లేడు.

ఇప్పుడు ప్రతి మంగళవారం సాయంత్రం, కూలి పనులు అయ్యాక, ఆమె ఇంటి అరుగు మీదే చూస్తున్నాం. చూసేది ఆమె, మాలో ఒకరు వంతులవారీగా వెళ్లి పక్కన కూర్చుంటాం. మాది అంటూ ఇక్కడ బ్యానర్ లేదు. చూసినవాళ్లందరినీ మళ్లీ చూస్తే, ముప్పైలో దాదాపు మూడోవంతు మందికి మామూలుగానే ఉంది. వాళ్లని ఊరికే భయపెట్టాం. మిగతావాళ్లని నలుగురైదుగురు చొప్పున, డాక్టరు ఉండే రోజు కనుక్కుని, ఒకే బండిలో తీసుకెళ్లాం. మందులు నెలకి సరిపడా అక్కడే ఇచ్చారు.

పదకొండో రోజు ఆవిడ కూడా వస్తోంది. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవడం మాత్రం ఆమె వల్ల కావట్లేదు. మూడో నిమిషంలో ఎవరో ఒకర్ని పలకరిస్తుంది, మేం మళ్లీ మొదట్నుంచి లెక్కపెడతాం. పోయిన వారం మూడుసార్లు మొదలుపెట్టాం.

ఒక డౌటు మిగిలింది. ఇద్దరు ముగ్గురికి జబ్బ లావు. పట్టీ బలవంతంగా అంటిస్తే ఊదుతుంటే ఊడొస్తోంది, వచ్చిన అంకె కూడా ప్రతిసారీ ఎక్కువే. చేతి మణికట్టుకి పెట్టేది కొనమంటారా?

రాత్రిడ్యూటీ:

మణికట్టుది వద్దు, చెయ్యి ఏ ఎత్తున పెట్టారన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, మీకు జరుగుతున్నది అదే. మీ యంత్రం కంపెనీదే పెద్ద సైజు పట్టీ విడిగా దొరుకుతుంది, అది కొనండి. జబ్బ మధ్యలో టేపుతో కొలిచి, ఆ కొలతకి ఏ పట్టీయో పట్టీ మీదే రాసుంటుంది చూసుకోండి. ఆ ఇద్దరు ముగ్గురి పాత అంకెలు కొట్టేసి, కొత్త పట్టీతో మళ్లీ రాయండి. మందు మార్చమని డాక్టరుకి ఆ పాత అంకెలు చూపించి ఉంటే ఈ సంగతి ఆయనకి కూడా చెప్పండి.